పిలిస్తే వచ్చే కుక్క

జనవరి 6, సోమవారం

మైనస్ ఇరవై నాలుగు డిగ్రీలు. గాలి లేదు. కట్టెలు రెండు మోపులు లోపలికి తెచ్చాను. కొన్నవి: రై రొట్టె, కాఫీ పొడి, కుక్క మేత పెద్ద సంచి.

మిల్లులో బాయిలర్ దగ్గర మూడో మనిషి మానేశాడు. అతని స్థానంలో ఎవరినీ తీసుకోరట. జూన్‌లో పాత బాయిలర్ పీకేసి గ్యాసుది పెడుతున్నారు, ఈ మాత్రం దానికి కొత్తవాడెందుకు అన్నాడు ఫోర్‌మన్. అంతవరకు పగలు నేను, రాత్రి డేల్. ఆదివారం పక్క విభాగం వాళ్ళు చూసుకుంటారు. సరేనన్నాను.

దారి కూడా కలుపుకుంటే పదమూడు గంటలు దాటుతుంది. రుస్కోకి చెప్పాను. చెప్పడమంటే, చెవులు నిమిరాను.

జనవరి 8

మైనస్ ఇరవై. చిన్న మంచు. దారి ఊడ్చాను.

కారు దిగుతుంటే పక్కింటి వెర్నా కంచె దగ్గరికి వచ్చింది.

"ఆర్వో, నీ కుక్క పొద్దున్నుంచీ ఊళ పెడుతోంది."

"అలవాటు పడుతుందిలే."

"దేనికి, ఏడవడానికా? మధ్యాహ్నం రేడియో పెట్టుకున్నా. పోయినవాళ్ళ పేర్లు చదివే టైముకి సరిగ్గా అందుకుంది. ఒక్కో పేరుకీ ఒక్కో ఊళ. ఈ ఊళ్ళో చచ్చినవాళ్ళకి అంత మర్యాద ఎవరూ చెయ్యలేదు."

"రేపట్నుంచి దానికీ రేడియో పెట్టి వెళతాను."

"దానికి కావలసింది రేడియో కాదు నాయనా," అని లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి 12, ఆదివారం

మైనస్ పదిహేడు. ఎండ. సరస్సు మీద బరమాతో బెజ్జం వేసి చూశాను, మంచుగడ్డ మందం నా మోచేతిని దాటింది. లారీ ఎక్కించినా ఆగుతుంది.

రుస్కోని గొలుసు లేకుండా సరస్సు మీద వదిలాను. వారమంతా దాచుకున్న పరుగు ఒక్కసారి పరిగెత్తింది. తిరిగి తిరిగి వాగు మొగ వైపే పోతుంది. అక్కడ వాగు సరస్సులో కలుస్తుంది కాబట్టి ఎంత చలిలోనైనా గడ్డ పల్చగానే ఉంటుంది. అడుగున ప్రవాహం తింటూనే ఉంటుంది. పైన చూస్తే మాత్రం మిగతా సరస్సు ఎంత తెల్లగా ఉందో అదీ అంతే. వెర్నా కుక్క పోయింది అక్కడే. నాలుగేళ్ళయింది. ఆమె మళ్ళీ కుక్కని తెచ్చుకోలేదు.

సగం దూరం పోనిచ్చి పిలిచాను. "రుస్కో, రా." గిరుక్కున తిరిగి వచ్చేసింది. ఒక్క పిలుపు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ అంతే, రెండోసారి పిలవాల్సిన పని రాలేదు. సరస్సు ఒడ్డున పిలిస్తే రాని కుక్కా, మునిగిపోయిన కుక్కా ఒకటే అనేవాడు నాన్న.

జనవరి 14

మైనస్ ఇరవై ఆరు. రుస్కో తలుపు చట్రం కింది భాగం కొరికేసింది. చిగుళ్ళు చీరుకుని నెత్తురు. చెక్కపేళ్ళు ఊడ్చాను. దాన్ని ఏమీ అనలేదు. ఏమనాలి.

జనవరి 19, ఆదివారం

చెల్లెలు ఐలీ చేపల పులుసు పట్టుకుని వచ్చింది. తలుపు చూసింది. రుస్కో మూతి చూసింది. నా మొహం చూడలేదు. సంచిలోంచి ఒక డబ్బా తీసి గడియారం పక్కన అలమర మీద పెట్టి మేకు బిగించింది.

"కెమెరా అన్నయ్యా. పనిలో ఉండి ఫోన్లో దీన్ని చూసుకోవచ్చు. ఇదిగో, ఈ గుర్తు నొక్కి మాట్లాడితే నీ గొంతు ఇక్కడ వినిపిస్తుంది."

"దానితో ఏం మాట్లాడతాను?"

"ఇంట్లో ఉన్నప్పుడు ఎలాగూ నోరు విప్పవు. దూరం నుంచైనా ఓ మాట పారెయ్. వదిన వెళ్ళిపోయేటప్పుడు ఏమందో గుర్తుందా? నీతో కాపురం చెయ్యడం గోడకి సున్నం వెయ్యడం లాంటిది, ఎంత వేసినా గోడ పలకదు అంది."

పులుసు బాగుంది. సగం రేపటికి ఉంచాను.

జనవరి 20

మైనస్ ఇరవై ఎనిమిది. మధ్యాహ్నం బాయిలర్ పక్కన కూర్చుని ఫోన్ తెరిచాను. రుస్కో తలుపుకి మొహం ఆనించి పడుకుని ఉంది. వీపు మాత్రమే కనబడుతోంది. చాలాసేపు చూశాను. వీపు కదలదు.

గుర్తు నొక్కి, "రుస్కో, రా," అన్నాను.

ఎగిరి లేచింది. తలుపు దగ్గరికి, కిటికీ దగ్గరికి, వంటగదిలోకి, మళ్ళీ తలుపు దగ్గరికి. చివరికి అలమర కిందికి వచ్చి తల పక్కకి వంచి పైకి చూసింది. మొహం నిండా కనబడింది. తోక ఊపుతోంది.

ఆ తర్వాత రొట్టె గొంతు దిగింది.

జనవరి 22

వెర్నా: "ఇవాళ ఊళ లేదే. ఏం చేశావు?"

"మాట్లాడాను."

"నువ్వా?"

రుస్కో బాగానే ఉంది.

జనవరి 24

మైనస్ ఇరవై ఒకటి. ఇవాళ నాలుగైదుసార్లు పిలిచాను. పిలిచిన ప్రతిసారీ వచ్చింది.

షిఫ్టు మారేటప్పుడు డేల్ వెనక నుంచి వచ్చి ఫోన్లోకి తొంగి చూశాడు.

"ఏంటి ముసలాయనా, ఎవరిని రా రా అంటున్నావు? ఈ వయసులో."

"కుక్కని."

"కుక్కకి ఫోన్ చేసేవాణ్ణి నిన్నే చూశా. అది ఎప్పుడైనా తిరిగి చేస్తుందా?"

"చెయ్యదు."

"అయితే వదిలెయ్. ఆ సంబంధం నిలబడదు."

బూడిద తొట్టి శుభ్రం చేసి ఇచ్చి వచ్చాను.

జనవరి 31

మైనస్ ముప్పై మూడు. కారు కష్టం మీద కదిలింది. బాయిలర్ బాగానే ఉంది. రుస్కో బాగానే ఉంది.

ఫిబ్రవరి 5

పిలిస్తే ఇప్పుడు ఇల్లంతా వెతకడం లేదు. తిన్నగా అలమర కిందికి వచ్చి కూర్చుంటుంది. పైకి చూస్తుంది. తోక ఒకసారి కదులుతుంది. బుద్ధి నేర్చుకుంది.

ఫిబ్రవరి 11

పిలిచాను. తల ఎత్తి దించేసింది. మళ్ళీ పిలిచాను. మూడోసారికి వచ్చింది. నిద్రమత్తు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మైనస్ పది. గాలి లేదు. సరస్సు మీద చేపల కోసం పెట్టుకున్న చెక్క గది మంచులో కూరుకుపోతే తవ్వాను. రెండు చేపలు పడ్డాయి.

రుస్కో మొగ వైపు పోతుంటే గది వెనక నుంచి పిలిచాను. రాలేదు. పారతో సహా ఇవతలికి వచ్చి నిలబడ్డాను. నన్ను చూడగానే పరుగెత్తుకుంటూ వచ్చి ఒళ్ళంతా రుద్దుకుంది.

గాలికి వినబడి ఉండదు.

ఫిబ్రవరి 20

మైనస్ పధ్నాలుగు. ఫోర్‌మన్ బాయిలర్ గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు.

"ఆర్వో, మార్చి నుంచి ఆదివారాలు కూడా చూసుకుంటావా? పాతది మొరాయిస్తోంది. పక్కవాళ్ళ చేతిలో పెడితే నాకు నిద్ర పట్టదు. ఇది నీ మాట వింటుంది."

ఎనిమిదో తరగతితో బడి మానేసి, పాత పుస్తకాలు ముందేసుకుని ఈ పని నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. సరేనన్నాను.

సంతోషం వేసిందని రాయడం ఎందుకు. వేసింది.

ఫిబ్రవరి 24

వంటగదిలోంచి పిలిచాను, గిన్నెలో మేత వేసి. ముందుగదిలో పడుకున్నది పడుకున్నట్టే ఉంది. గిన్నె నేల మీద పెట్టిన చప్పుడుకి లేచి వచ్చింది. చెవుడు వస్తోందా? దానికి ఇంకా ఆరేళ్ళే.

ఫిబ్రవరి 27

రెండు గంటలు సెలవు అడిగి రుస్కోని పశువుల డాక్టర్ పెట్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టర్ ఇంకా చిన్నపిల్ల. రుస్కోకి కనబడకుండా వీపు తిప్పి, బల్లసొరుగులో ఒక కాగితం పొట్లం నలిపింది. రుస్కో చెవులు రెండూ అటు తిరిగాయి.

"వీడి చెవులకేం అండీ. లోపల బిస్కెట్లు ఎన్ని మిగిలాయో కూడా వినబడుతోంది వీడికి. ఇంట్లో ఎంతసేపు ఒంటరిగా ఉంటాడు?"

"మామూలే."

"మామూలంటే?"

"పని గంటలు."

రాసుకోబోయి ఆగింది. "పిలిస్తే రావడం లేదంటున్నారు. వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారు?"

"ఏం చెయ్యాలి?"

"ఏదో ఒకటి. బిస్కెట్ ముక్క, తల నిమరడం. కనీసం మీరు అక్కడ ఉండాలి కదా. వచ్చి చూస్తే ఏమీ లేదనుకోండి, నాలుగుసార్లు వస్తాడు, పదిసార్లు వస్తాడు. తర్వాత ఆ పిలుపు వాడికి గోడ మీద గడియారం చప్పుడుతో సమానం. పిలుపు కూడా అరిగిపోతుందండీ."

తల ఊపాను. కెమెరా సంగతి చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

నేను అక్కడే ఉంటాను కదా అనుకుంటూ బండి నడిపాను. మలుపు దగ్గర లారీ హారన్ కొట్టాకగాని తెలివి రాలేదు.

మార్చి 3

మైనస్ తొమ్మిది. ఇవాళ నా గొంతు వినగానే లేచి పడకగదిలోకి వెళ్ళింది. కెమెరాకి ఆ గది కనబడదు. అక్కడ వెచ్చగా ఉంటుంది.

రుస్కో బాగానే ఉంది.

మార్చి 9, ఆదివారం

పనిలో ఉన్నాను. మధ్యాహ్నం తెరిచేసరికి తలుపు దగ్గరే పడుకుని ఉంది. పిలిచాను. లేచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పడకగదిలోకి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. నేల మీద ఎండ పడి ఉంది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఎవరూ లేని గదిలో నా గొంతు ఎలా ఉంటుందో ఫోన్లో నాకే వినబడింది.

ఇక నొక్కకూడదు.

మార్చి 10

నొక్కలేదు.

మార్చి 11

నొక్కలేదు. బాయిలర్ గొట్టం ఒకటి కారుతుంటే బిగించాను.

మార్చి 12

నొక్కాను. మొహం చూద్దామని.

మార్చి 13

నొక్కాను.

మార్చి 22

ప్లస్ రెండు. కప్పు మీద మంచు కారుతోంది. గడ్డ మీద నీళ్ళు నిలిచాయి. చెక్క గదిని ఒడ్డుకి లాగేశాను.

సాయంత్రం త్వరగా వదిలారు. ఏటా చేసే పనే, వెర్నా, నేను కలిసి సరళవృక్షపు కొమ్మలు నరికి వాగు మొగకి చాలా ఇవతలగా గడ్డలో వరసగా గుచ్చాం. కొమ్మలు దాటి ఎవరూ పోకూడదని గుర్తు. మొగ దగ్గర కొంచెం నీరు అప్పుడే బయటపడింది. బాతులు దిగాయి. రుస్కో గొలుసు లాగుతూ వాటినే చూస్తోంది.

ఆఖరి కొమ్మ గుచ్చి వెర్నా చేతులు దులుపుకుంది.

"నాది పిలిస్తే వచ్చేది, తెలుసా. ఆ రోజూ వచ్చింది."

ఒరిగిన కొమ్మ ఒకటి సరిచేశాను.

"అవతలి ఒడ్డున ఉంది. భయమేసి పిలిచాను. పిలవకుండా ఉంటే అక్కడే ఆడుకుంటూ ఉండేది. తిన్నగా నా మొహం చూసుకుంటూ మొగ మీదుగా వచ్చింది. చుట్టూ తిరిగి రమ్మని కుక్కకి ఎలా చెబుతాం?"

గొలుసు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

"అప్పట్నుంచి నేను దేన్నీ పిలవలేదు ఆర్వో. మనవణ్ణి కూడా అన్నానికి పిలవను. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. మా అమ్మాయికి కోపం."

మార్చి 29

ప్లస్ నాలుగు. రాత్రి మైనస్. వెర్నా కిటికీలోంచి నా గుమ్మం కనబడుతుంది. తలుపు వేసేటప్పుడు అటు చూడకుండా వేస్తున్నాను.

రుస్కో అన్నం సగం వదిలేసింది.

ఏప్రిల్ 4

డేల్‌కి జ్వరం. వాడి షిఫ్టు కూడా నేనే ఉండాలట. ఐలీ వెళ్ళి మేత పెట్టింది. తాళం ఆమె దగ్గరా ఒకటి ఉంది. "నీ గొంతు వినపడింది అన్నయ్యా, నేను ఉండగానే. అది మంచం కిందికి దూరింది. కొట్టావా దాన్ని ఎప్పుడైనా?" అంది ఫోన్లో.

కొట్టలేదు. ఒక్క దెబ్బ వెయ్యలేదు.

ఏప్రిల్ 8

రెండు రోజులుగా రాయలేకపోయాను. ఆదివారం సంగతి రాయాలి.

శనివారం రాత్రి పని పక్క విభాగం వాళ్ళకి అప్పగించి పొద్దుపోయాక వచ్చాను. బూట్లు విప్పానో లేదో, కుర్చీలోనే నిద్రపోయాను. తలుపు గడియ పడలేదు. నేనే వెయ్యలేదు.

ఫోన్ మోగితే మెలకువ వచ్చింది. తెల్లారిపోయింది. ఫోర్‌మన్. "ఎక్కడున్నావయ్యా? ఇక్కడ ఒత్తిడి పడిపోతోంది. ఎంతసేపట్లో వస్తావు?" కాళ్ళకి చల్లగా తగిలింది. తలుపు తెరిచి ఉంది. రుస్కో పడుకునే గోనె ఖాళీగా ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టేశాను. అందులోంచి ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

బయట పొగమంచు. వెర్నా ఇల్లు కూడా సరిగ్గా కనబడడం లేదు. తడి మంచులో కాలి గుర్తులు వాకిలి దాటి, పెరట్లో ఆవిరిస్నానాల కోసం కట్టిన ఆవిరిగది పక్క నుంచి, ఒడ్డు దిగి గడ్డ మీదికి పోయాయి. తిన్నగా మొగ వైపు. అటు నుంచి బాతుల కూతలు వినబడుతున్నాయి.

పొగమంచు ఒకచోట పల్చబడింది. అందులో రుస్కో వీపు ఎర్రగా కదిలింది. కొమ్మలకి ఇవతలే ఉంది ఇంకా.

"రుస్కో, రా."

ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. తల ఎత్తింది. నా వైపు కాదు. పైకి, పక్కకి చూసింది. అలమర ముందు నిలబడి చూసే చూపే. నేను పొగమంచులో ఉన్నాను. దానికి కనబడను. వినబడుతున్నానంతే. తోక కాళ్ళ మధ్యకి పోయింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది, మొగ వైపు.

ఇంకా గట్టిగా పిలిచాను. ఇంకా ముందుకి పోయింది. పరుగు కాదు. ఇంట్లో పడకగదిలోకి ఎలా వెళుతుందో అలాగే, నెమ్మదిగా, విసిగినట్టు. కొమ్మల వరస దాటింది.

మూడోసారి నోరు తెరిచి మూసేశాను.

వెర్నా నిద్రబట్టల మీదే కోటు తొడుక్కుని వచ్చింది. చేతిలో తాడు.

"పిలువు ఆర్వో. అది ఇంకా మన వైపే ఉంది, మొగకి అవతల కాదు. తిన్నగా వచ్చినా పర్లేదు. పిలువు."

తల అడ్డంగా ఊపాను.

"పిలవవేం? నీ కుక్క. నేను పిలవలేను, నావల్ల కాదు. నువ్వు పిలువు."

చెప్పడానికి సమయం లేదు. సమయం ఉన్నా ఏం చెప్పేవాణ్ణో తెలియదు. ఆవిరిగది గోడకి ఆనించి ఉన్న నిచ్చెన తీసుకుని గడ్డ మీదికి దిగాను. తాడు ఒక కొస వెర్నా నా నడుముకి కట్టింది. ముడి వేస్తూ తిడుతూనే ఉంది. ఏమని తిట్టిందో గుర్తు లేదు.

కొమ్మల దాకా నడిచాను. ఆ తర్వాత పొట్ట మీద పడుకుని నిచ్చెన ముందుకి తోసుకుంటూ పాకాను. గడ్డ తెల్లగా లేదు, బూడిదరంగు. పైన నీళ్ళు. చెవి ఆనినప్పుడు అడుగున వాగు పారడం వినబడింది. ముప్ఫై ఏళ్ళు గొట్టాల్లో నీళ్ళు పారడం విన్నాను. ఇది అలా లేదు. ఇది నోరు చప్పరిస్తున్నట్టు ఉంది.

రుస్కో నిచ్చెనకి నాలుగు నిచ్చెనల దూరంలో నిలబడి ఉంది, అటు తిరిగి, బాతులకేసి చూస్తూ. కాళ్ళ కింద గడ్డ కుంగి నీరు ఊరుతోంది. పేరు నాలిక మీదికి వచ్చింది. పళ్ళు బిగించాను. నా జీవితంలో మాట్లాడకుండా ఉండడం కష్టమైంది అదొక్కసారే.

గాలి ఒడ్డు నుంచే వీస్తోంది, కొద్దిగా. పనికోటు ఇంకా నా ఒంటి మీదే ఉంది. అందులోనే నిద్రపోయాను కదా. నూనె, మసి, బాయిలర్ కంపు. రోజూ సాయంత్రం గుమ్మంలో రుస్కో ముందు దీన్నే వాసన చూస్తుంది, నన్ను ఆ తర్వాత. పడుకునే విప్పి, రెండు చేతులతో గాలికి ఎత్తి పట్టుకున్నాను.

ఎంతసేపో తెలియదు. దాని ముక్కు మొదట తిరిగింది, తర్వాత తల, తర్వాత ఒళ్ళు. నన్ను చూసింది. వచ్చింది. అది కూడా పొట్ట నేలకి ఆనించి పాకుతూనే వచ్చింది, దానికి ఎవరు చెప్పారో. కోటు చేతిలోకి మూతి దూర్చింది. మెడపట్టీ పట్టుకున్నాను. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

వెర్నా తాడు లాగింది. వెనక్కి పాకాం. కొమ్మల దగ్గరికి వచ్చేసరికి వెనక గడ్డ మూలిగిన చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు. మధ్యాహ్నం చూస్తే అది నిలబడిన చోట నీళ్ళున్నాయి. మేం గుచ్చిన కొమ్మ ఒకటి తేలుతోంది.

ఒడ్డు మీద వెర్నా నా ఛాతీ మీద పిడికిలితో గుద్దింది.

"ఎందుకు పిలవలేదు నువ్వు? నోట్లో గడ్డ కట్టిందా?"

"గొంతు బాగోలేదు."

"రెండుసార్లు అరిచావుగా. అప్పుడు బాగానే ఉందే."

నేను రుస్కో కాళ్ళు తుడుస్తున్నాను.

నా నడుము దగ్గర తాడు ముడి విప్పింది. తర్వాత చాలా చిన్నగా అంది: "ఆ కుక్క నీ గొంతు విని వెళ్ళిపోయింది ఆర్వో. గుమ్మంలోంచి చూశాను నేను."

తాడు చుట్ట చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 9

ప్లస్ మూడు. మూడు రోజుల తర్వాత పనికి వెళ్ళాను. ఆదివారం డేల్ జ్వరంతోనే వచ్చి నిలబడ్డాడట.

"పోతుందేమో అనుకున్నా ముసలాయనా. రెండు కవాటాలు తిప్పా, ఒకసారి తన్నా, నడిచింది. నీ బాయిలర్ పతివ్రతేం కాదు. నా మాటా విన్నది."

నేను లేకపోయినా నడిచింది.

ఫోర్‌మన్‌తో ఇక పాత గంటలే చేస్తానన్నాను. ఆదివారాలు రానన్నాను. జూన్ దాకా ఆగలేవా అన్నాడు. ఆగలేనన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. తలుపు దాకా వచ్చాక, "ఒక కుక్క కోసమా?" అన్నాడు.

ఏప్రిల్ 10

కెమెరా మేకు ఊడదీశాను. తన ఫోన్లో బొమ్మ రావడం లేదని ఐలీ ఫోన్ చేసింది.

"ఏం అన్నయ్యా, పనిచెయ్యడం లేదా?"

"పనిచేస్తోంది."

"మరి?"

"బాగా పనిచేస్తోంది," అన్నాను. దాన్ని డబ్బాలో పెట్టి ఆవిరిగది అటక మీద పడేశాను.

వెర్నా మధ్యాహ్నం పూట వచ్చి రుస్కోని తిప్పుతానంది. గొలుసు వెయ్యమన్నాను. "వేస్తాను. నోరు కూడా మెదపను," అంది. కంచె మీద నుంచి తాళం ఇచ్చాను.

ఏప్రిల్ 13, ఆదివారం

ప్లస్ ఆరు. ఇంట్లోనే ఉన్నాను. గుమ్మం మెట్టు మీద కూర్చుంటే రుస్కో వచ్చి పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసి, "రుస్కో," అన్నాను. వారం రోజుల తర్వాత.

చెయ్యి కింద చర్మం వణికింది. తల తిప్పి నా నోరు వాసన చూసింది. చాలాసేపు చూసింది. మాట ఇందులోంచే వచ్చిందా అని.

రోజుకి ఒక్కసారి. చెయ్యి వేసి మాత్రమే.

ఏప్రిల్ 16

చెయ్యి వేసి అన్నాను. తోక కదిలింది.

ఏప్రిల్ 18

చెయ్యి వేసి అన్నాను. తోక కదిలింది. అన్నం అంతా తింది.

ఏప్రిల్ 20, ఆదివారం

ప్లస్ ఎనిమిది. మొగ దగ్గర గడ్డ మొత్తం పోయింది. మిగతాది నల్లబడింది. ఐలీ వచ్చి తీపి రొట్టె ఇచ్చి వెళ్ళింది. రుస్కోకి కొస పెట్టాను.

సాయంత్రం నేల మీద పక్కపక్కన కూర్చున్నాం. చెయ్యి వేసి పేరు అన్నాను. బాగానే ఉంది. చెయ్యి తీసి, కదలకుండా, అంత దగ్గర నుంచే, ఇంకోసారి అన్నాను.

లేచింది. అలమర వైపు చూసింది. అక్కడ గడియారం, దాని పక్కన మేకు బెజ్జం. ఆ బెజ్జానికేసి చూస్తూ నిలబడింది. నేను దాని వెనకే, చేతికి అందేంత దూరంలో ఉన్నాను. తిరిగి చూడలేదు. పడకగదిలోకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 21

ప్లస్ ఐదు. గాలి లేదు. కట్టెలు ఒక మోపు.

చెయ్యి తియ్యలేదు.